తాపీమేస్త్రీ చూసిన వాటికన్

మా నాన్న తాపీమేస్త్రీ. తెనాలి చుట్టుపక్కల నలభై ఏళ్లు ఇళ్లు కట్టాడు. అమ్మ ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి, మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చే మనిషి. నేను మిలాన్‌లో ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. 2025 అక్టోబరులో ఇద్దరినీ విజిటింగ్ వీసా మీద రప్పించాను. ఎక్కడికి వెళ్దామంటే ఇద్దరూ రోమ్ అనే అన్నారు గానీ కారణాలు వేరు. అమ్మకు పోపుగారిని చూడాలి. నాన్నకు అక్కడి సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం కిందకు దిగిపోకుండా ఎలా నిలబెట్టారో చూడాలి.

మొదటి రోజు, మంగళవారం

మిలాన్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో మూడు గంటలు. తెర్మినీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఒత్తావియానోలో దిగాం. రూము అక్కడికి దగ్గరే. అమ్మ కట్టి తెచ్చిన పులిహోర తినేసి మూడింటికల్లా బయటపడ్డాం. బుధవారం పోపుగారి సభకు టికెట్లు ఉచితమే కానీ, ముందురోజు మధ్యాహ్నం వెళ్లి చేతికి తీసుకోవాలి.

సెయింట్ పీటర్స్ స్క్వేర్‌కు చాలామంది ఎదురుగా ఉన్న పెద్ద రోడ్డు మీదుగా వెళ్తారు. దాని పేరు వియా దెల్లా కొన్చిలియాత్సియోనే, అంటే రాజీ వీధి. 1929లో ఇటలీకీ పోపుకీ మధ్య ఒప్పందం కుదిరి వాటికన్ విడి దేశమైంది. ఆ గుర్తుకని 1936లో ముస్సోలినీ అక్కడున్న ఇళ్ల వరసను కొట్టేయించడం మొదలుపెట్టాడు. రోడ్డు పూర్తయ్యేసరికి 1950 వచ్చింది. అంతకుముందు జనం ఇరుకు సందుల్లో నడిచి నడిచి ఒక్కసారిగా ఈ మైదానంలోకి వచ్చి పడేవాళ్లట. ఇప్పుడు కిలోమీటరు దూరం నుంచే గుమ్మటం కనిపించేస్తుంది. నా మట్టుకు నాకు ఆ రోడ్డు నచ్చదు. అందుకే అమ్మానాన్నల్ని బోర్గో పియో సందులోంచి తిప్పి, పక్కనుంచి స్తంభాల మధ్యగా లోపలికి తీసుకెళ్లాను.

అమ్మ సిలువ గుర్తు వేసుకుని నిలబడిపోయింది. నాన్న మాత్రం లోపలికి రానేలేదు. వెనక్కి తిరిగి చూస్తే మొదటి స్తంభం దగ్గరే ఆగి, దాన్ని అరచేత్తో రుద్దుతున్నాడు.

"ఇదేం రాయే? ఇన్ని చిల్లులున్నాయి?"

త్రావెర్తీనో అని, రోమ్ పక్కన తీవొలి గనుల్లో దొరికే రాయి అని చెప్పాను. "మన మాచర్ల బండకున్న గట్టిదనం లేదు గానీ, చెక్కడానికి తేలిగ్గా ఉంటది" అన్నాడు. అక్కడితో ఆగలేదు. అమ్మ హ్యాండ్‌బ్యాగులో సూదీదారం ఎప్పుడూ ఉంటుంది. దారం ఒక మూర తెంపి, దానికి రూము తాళంచెవి కట్టి, గుండు దారం వదిలినట్టు స్తంభం పక్కన వేలాడదీశాడు. ఒక కన్ను మూసి చూశాడు. స్తంభం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి అలా లెక్క తేలదని తనే నవ్వుకుని, దారం వేలికి చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ నాలుగు రోజులూ మా రూము తాళంచెవికి ఆ దారం అలాగే ఉంది.

టికెట్లు ఇచ్చేది కంచు తలుపు దగ్గర స్విస్ గార్డులు. నీలం, పసుపు, ఎరుపు చారల యూనిఫాం, చేతిలో బల్లెం. 1506 నుంచి పోపులకు కాపలా వీళ్లే. 1527 మే 6న శత్రుసైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు పోపును తప్పించడానికి 147 మంది ఇక్కడే చనిపోయారు. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లు ప్రమాణం చేసేది ఆ తేదీనే. చేరేటప్పటికి పెళ్లి కాకూడదని చెబితే, అమ్మ ఆ కుర్రాణ్ణి జాలిగా చూసింది.

టికెట్లు చేతికొచ్చాక నాన్నను అసలు చోటికి తీసుకెళ్లాను. మైదానం మధ్యలో ఎర్ర గ్రానైటు స్తూపం, దానికి అటొకటి ఇటొకటి ఫౌంటెన్లు. స్తూపానికీ ఫౌంటెనుకూ మధ్య నేలలో ఒక గుండ్రటి రాతి బిళ్ల ఉంటుంది. అలాంటివి రెండున్నాయి. జనం వంతులవారీగా ఎక్కి నిలబడుతున్నారు. మైదానానికి రెండు వైపులా కొడవలిలా వంగిన స్తంభాల మండపాలు ఉన్నాయి కదా, వాటిలో మొత్తం 284 స్తంభాలు, నాలుగేసి వరసల్లో. బయట ఎక్కడ నిలబడి చూసినా తోపులో చెట్లలా కలగాపులగంగా కనిపిస్తాయి. ఆ బిళ్ల మీద నిలబడితే మాత్రం వెనక మూడు వరసలూ మాయమైపోయి ఒక్క వరసే మిగులుతుంది.

నాన్న ఎక్కాడు. చూశాడు. దిగి రెండడుగులు పక్కకు జరిగాడు. మళ్లీ ఎక్కాడు. వెనకున్న పోలండు ముసలావిడ ఓపిగ్గా నవ్వుతూ నిలబడింది.

"గిలక బావి కట్టేటప్పుడు ఏం చేస్తాం? మధ్యలో మేకు కొట్టి, దారం పట్టుకుని చుట్టూ తిరుగుతాం. ఈ బిళ్లే ఆ మేకు. ఇక్కణ్ణుంచి దారం లాగి నాలుగు స్తంభాలకూ గుర్తు పెట్టారు. అయితే ఒకటుందమ్మాయ్. అన్నీ ఒకే లావు పెడితే కుదరదు. వెనక్కి పోయేకొద్దీ లావు పెంచుకుంటూ పోవాల."

నిజంగానే ఈ మండపాలు గీసిన శిల్పి బెర్నీని చేసింది అదే. బయటి వరసలకు వెళ్లేకొద్దీ స్తంభాల చుట్టుకొలత పెంచాడు. నేను గైడు పుస్తకంలో చదివి తెలుసుకున్నది నాన్న పావుగంటలో తేల్చేశాడు. 1656లో పోప్ ఏడో అలెగ్జాండర్ కాలంలో మొదలైన ఈ పని 1667కి అయింది. పైన పిట్టగోడ మీద 140 మంది పునీతుల విగ్రహాలున్నాయి.

చీకటి పడే వేళకు స్తూపం చుట్టూ ఉన్న మెట్ల మీద కూర్చున్నాం. అదొక పెద్ద కథ. ఈజిప్టులో చెక్కిన రాయిని కలిగులా చక్రవర్తి దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌కు తెప్పించాడు. తర్వాత నీరో రథాల పందేలు ఆడించిన మైదానంలో అది నిలబడి ఉండేది. పేతురుగారిని సిలువ వేసింది ఆ మైదానంలోనే అని నమ్మకం. 1586లో పోప్ ఐదో సిక్స్తస్ దాన్ని చర్చి ముందుకు జరిపించాడు. ఒక్క రాయి, 25 మీటర్ల పొడుగు, మూడు వందల టన్నులకు పైగా బరువు. దొమెనికో ఫొంతానా అనే ఇంజనీరు సుమారు 900 మంది మనుషుల్నీ, 140 గుర్రాల్నీ, తాళ్లు చుట్టే పెద్ద పెద్ద రాట్నాల్నీ పెట్టి నెలల తరబడి పని చేయించాడు. సెప్టెంబరు 10న నిలబెట్టారు. ఆ రోజు ఎవరైనా నోరు విప్పితే మరణశిక్ష అని పోపు హుకుం జారీ చేశాడట. రాయి సగం లేచాక తాళ్లు ఒరుసుకుని వేడెక్కి సాగిపోతున్నాయి. గుంపులోంచి ఒక ఓడ సరంగు ప్రాణాలకు తెగించి "తాళ్లకు నీళ్లు కొట్టండి" అని అరిచాడనీ, దాంతో రాయి నిలబడిందనీ, పోపు అతన్ని శిక్షించడం మాని బహుమతి ఇచ్చాడనీ రోమ్‌లో చెప్పుకుంటారు.

"అందులో వింతేముంది? నులక మంచం వదులైతే మనం నీళ్లు చల్లమూ? తెల్లారేసరికి బిగుసుకుంటది" అంది అమ్మ.

నాన్న ఏమీ అనలేదు. ఆ 900 మందికీ ఆ రోజు కూలి ఎంత ఇచ్చి ఉంటారని అడిగాడు. నాకు తెలియదన్నాను.

రాత్రి తిండి సుప్లీలు. బియ్యం ఉడికించి, టమాటా గుజ్జు కలిపి, లోపల చీజు పెట్టి నూనెలో వేయించిన ఉండలు. పేరుకి చిరుతిండే గానీ కొరికితే అన్నం తగిలేసరికి అమ్మకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు తింది.

రెండో రోజు, బుధవారం

సభ పదింటికి. ఏడింటికే లైన్లో నిలబడ్డాం. అప్పటికే మా ముందు ఓ రెండు వేల మంది ఉంటారు. గేట్లు తీశాక సిస్టర్లు పరిగెత్తిన పరుగు చూడాలి. పోపుగారి బండి కంచెల పక్కనుంచి వెళ్తుంది కాబట్టి కంచె దగ్గర చోటు దొరికితే అదే అదృష్టం. తెల్ల చీర కట్టుకున్న ఒక సిస్టరమ్మ మోచేత్తో నన్ను నెట్టి, వెనక్కి తిరిగి అమ్మ బొట్టూ చీరా చూసి "ఏ ఊరండీ మీది?" అంది. ఆవిడది ఫిరంగిపురం. ఇటలీలో వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. అంతే, అమ్మకు కంచె దగ్గర చోటు దొరికిపోయింది.

పద్నాలుగో లియో పోపుగారు తెల్ల జీపులో వచ్చారు. తల్లులు పసిపిల్లల్ని పైకెత్తి అందిస్తున్నారు, ఆయన నుదుటి మీద సిలువ వేసి తిరిగి ఇస్తున్నారు. మా ముందుకు వచ్చేసరికి అమ్మ చేతిలో ఫోను ఉంది, వీడియో ఆన్ చేసే ఉంది. తర్వాత చూస్తే అందులో ఉన్నది ఆవిడ చెప్పులూ, నల్లరాళ్ల నేలా, "దేవా, దేవా" అన్న గొంతూ.

ప్రసంగం ఇటాలియన్‌లో. దాని సారాంశం తర్వాత వేరే భాషల్లో చదువుతారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీసు, అరబ్బీ, పోలిష్, చైనీస్. తెలుగు వస్తుందేమో అని అమ్మ ఆఖరిదాకా చెవి రిక్కించి కూర్చుంది. రాలేదు. "మన పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు కదా, ఆయన చెప్పొచ్చుగా" అంది. కర్నూలు పీఠాధిపతిగా చేసి, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయిన ఆయన 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో ఆ పదవి దక్కిన మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. అమ్మకు ఆయన ఇంటి మనిషి కింద లెక్క.

ఆఖర్న ఇచ్చే దీవెన జనం చేతుల్లో పట్టుకున్న వస్తువులకు కూడా వర్తిస్తుంది. ఊళ్లో వాళ్లు ఇచ్చిన జపమాలలు ఇరవై మూడు, ఒక పాలిథిన్ కవర్లో. అమ్మ ఆ కవరు రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. మూతి కట్టి ఉంటే దీవెన లోపలికి పోదేమో అని ముడి విప్పి మరీ పట్టుకుంది.

మధ్యాహ్నం సిస్టరమ్మే మాకు మైదానం తిప్పి చూపించింది. కుడివైపు స్తంభాల దగ్గర నేలలో ఒక చిన్న పాలరాతి గుర్తు ఉంది. 1981 మే 13న రెండో జాన్ పాల్ పోపుగారి మీద కాల్పులు జరిగింది అక్కడ. తెలియకపోతే తొక్కుకుంటూ పోతాం. ఎడమవైపు పడవ నిండా కిక్కిరిసిన వలసజనం కంచు శిల్పం ఒకటి ఉంది. 2019లో పెట్టారు. అందులోనూ మనుషులు 140 మందే, పైన పిట్టగోడ మీద పునీతులు ఎంతమందో అంతమంది. గల్ఫ్‌కు పోయిన మా చిన్నమామయ్య గుర్తొచ్చి అమ్మ దాని దగ్గర కాసేపు కూర్చుంది.

మూడో రోజు, గురువారం

పొద్దున్నే నా పరువు పోయింది. "లైన్ లేకుండా చర్చి ప్రవేశం" అని ఆన్‌లైన్‌లో ముగ్గురికీ టికెట్లు కొని పెట్టాను. తీరా వెళ్తే చర్చిలోకి ప్రవేశం ఉచితం. సెక్యూరిటీ తనిఖీ లైను తప్పేది కాదు. నా టికెట్టుకు దొరికింది చెవిలో పెట్టుకునే ఆడియో గైడు ఒకటి, అదీ స్పానిష్‌లో. ఎంత పెట్టానో నాన్నకు చెప్పలేదు. మీరెవరైనా వెళ్తే గుమ్మటం ఎక్కడానికి మాత్రమే డబ్బు కట్టండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలేసుకోండి. లేకపోతే గుమ్మంలోనే ఆపేస్తారు.

2025 జూబిలీ, అంటే కాథలిక్కుల పుణ్య సంవత్సరం కాబట్టి పవిత్ర ద్వారం తెరిచి ఉంది. కుడివైపు చివరి తలుపు అది. మామూలు లెక్కన 25 ఏళ్లకోసారి తెరుస్తారు. సిలువ మోసుకుంటూ పాడుకుంటూ వచ్చే గుంపుల వెనకే మేమూ నడిచాం. అమ్మ తలుపు కంచును తాకి కళ్లకద్దుకుంది. జూబిలీ అయిపోయాక ఈ తలుపుకు లోపలివైపు ఇటుక గోడ కట్టేస్తారని చెప్పగానే నాన్న ఆగిపోయాడు.

"ఎవరు కడతారు?"

పూర్వం పోపుగారే తాపీ పట్టుకుని మొదటి ఇటుకలు పెట్టేవారు. 1975లో ఆరో పాల్ పోపు దగ్గర ఆ పద్ధతి ఆగింది. ఇప్పుడు పోపు తలుపులు మూస్తారు, ఇటుక పని తర్వాత మేస్త్రీలు చేస్తారు. గోడ లోపల ఆ జూబిలీ పతకాలతో ఒక లోహపు పెట్టె పెడతారు. మనం శంకుస్థాపనలో నవధాన్యాలూ నాణేలూ వేసినట్టే. పోపులు తాపీ పట్టేవారన్న మాట నాన్న ఆ రోజు ఊళ్లో ముగ్గురికి ఫోను చేసి చెప్పాడు. ఆ తలుపును 2026 జనవరి 6న మూసేశారు.

లోపల పరిమాణం గురించి ఎంత చెప్పినా తక్కువే. నాన్న మధ్య నడవను అడుగులతో కొలుస్తూ వెళ్లి, జనం అడ్డొచ్చి లెక్క మర్చిపోయి మూడుసార్లు మొదలుపెట్టాడు. అసలు కొలత 186 మీటర్లు. 1506లో రెండో జూలియస్ పోపు పునాది వేస్తే 1626లో ప్రతిష్ఠ జరిగింది. నూట ఇరవై ఏళ్లు. ఎన్నటికీ తెమలని పనిని ఇటలీవాళ్లు ఇప్పటికీ "ఇదేమన్నా సాన్ పియెత్రో కట్టడమా" అంటారు. సాన్ పియెత్రో అంటే సెయింట్ పీటరే.

కుడిచేతి వైపు మొదటి గూట్లో మైకెలాంజెలో పియెతా ఉంది. చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న మేరీమాత. 1972లో ఒకడు సుత్తితో కొట్టి ముక్కూ చెయ్యీ విరగ్గొట్టాక గాజు అడ్డం పెట్టారు. జనం భుజాల మీదుగా, గాజు మీద పడే వెలుగులోంచి చూడాలి. అమ్మ చాలాసేపు చూసింది. బయటికొచ్చాక అన్నదల్లా ఒక్కటే: "ఆ ఎడమ చెయ్యి చూశావా, ఖాళీగా అలా చాపి పెట్టింది."

గుమ్మటానికి 551 మెట్లు. లిఫ్టు తీసుకుంటే పైకప్పు దాకా వెళ్లి 320 ఎక్కాలి. అమ్మ మోకాళ్ల నొప్పులని కిందే కూర్చుని జపమాల చెప్పుకుంది. మొదట లోపలి అంచు మీదకు తీసుకెళ్తారు, అక్కణ్ణుంచి కింద మనుషులు చీమలు. ఆ తర్వాత దారి గుమ్మటం రెండు పొరల మధ్యన పోతుంది. పైకి పోయేకొద్దీ గోడ మన మీదికి ఒరుగుతుంది, మనమూ దాంతోపాటు ఒక పక్కకు ఒరిగి నడవాలి. చివర్లో పిడికెడు మెలిమెట్లు, పట్టుకోవడానికి వేలాడే తాడు. ఊపిరాడనివాళ్లు ఆలోచించుకోవాలి. నాన్న మాత్రం ఆ ఒంపులో ఆగి ఆగి గోడ తడుముతూ వచ్చాడు. వెనకవాళ్లు విసుక్కున్నారు.

మైకెలాంజెలో గీసిన గుమ్మటం ఆయన పోయాక జాకొమో దెల్లా పోర్తా చేతిలో 1590లో పూర్తయింది. నూట యాభై ఏళ్లకు బీటలు కనిపించాయి. పోపు కంగారుపడి పాదొవా నుంచి జొవాన్నీ పొలేనీ అనే లెక్కల పండితుణ్ణి పిలిపించాడు. ఆయన 1743లో చూసి, గుమ్మటం చుట్టూ ఇంకొన్ని ఇనుప పట్టీలు బిగించమన్నాడు. ఇది నేను చదివి వినిపిస్తుంటే నాన్న సగంలోనే అందుకున్నాడు. "బెల్టు వేశారన్నమాట. గుమ్మటం కిందికి కాదమ్మా పడేది, పక్కలకి విచ్చుకుంటది. బెల్టు వేయకపోతే ఏ ఇల్లైనా అంతే."

పైన గాలి బాగా ఉంది. కింద మైదానం తాళంచెవి పెట్టే కంతలా కనిపించింది. నాన్న కింద ఆ రెండు రాతి బిళ్లలూ ఎక్కడున్నాయో వెతుక్కుని, వాటినుంచి స్తంభాల దాకా గాల్లో వేలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు.

నాలుగో రోజు, శుక్రవారం

మ్యూజియం గురించి ఎక్కువ రాయను. టికెట్టు 20 యూరోలు, ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంకో 5. కిలోమీటర్ల కొద్దీ గదులు, తిరుపతి క్యూ కాంప్లెక్సులా జనం. గది తర్వాత గది నెట్టుకుంటూ వెళ్తే చివర సిస్టీన్ చాపెల్. మే నెలలో మన కార్డినల్‌గారితో సహా 133 మంది తలుపులేసుకుని లియో పోపుగారిని ఎన్నుకున్న గది. అమ్మ దానికి దండం పెట్టింది. నాన్నకు పైకప్పు బొమ్మలకంటే మైకెలాంజెలో పరంజా మీదే ధ్యాస. నేల నుంచి కర్రలు నిలబెట్టకుండా, గోడల్లోంచి ఆనించి కట్టిన పరంజా అది. 1508 నుంచి 1512 దాకా దాని మీద నిలబడి తల పైకెత్తి పనిచేశాడు. సున్నం తడి ఆరకముందే రంగు వేయాలి కాబట్టి ఆ రోజు ఎంత వేయగలడో అంత మేరకే పూత పూయించేవాడు. "సాయంత్రానికి మాలు మిగలకూడదు, గోడా మిగలకూడదు" అని నాన్న గొణిగాడు. కాపలావాడు "సిలెంత్సియో" అని అరిచాడు.

మధ్యాహ్నం నది ఒడ్డున కాస్తెల్ సాంత్ ఆంజెలో. హాద్రియన్ చక్రవర్తి సమాధిగా కట్టించుకున్నది, తర్వాత పోపులకు కోటయింది. వాటికన్ నుంచి ఈ కోట దాకా గోడ మీద ఒక రహస్యదారి ఉంది, ఎనిమిది వందల మీటర్లు. 1527లో స్విస్ గార్డులు చచ్చిపోతూ ఏడో క్లెమెంట్ పోపును తప్పించింది ఆ దారినే. కోట పక్కన పియాత్సా పియా అని కొత్తగా నడకదారి చేశారు, బండ్లన్నీ సొరంగంలోకి పంపేసి. ఆ తవ్వకాల్లో కలిగులా తోట గోడలూ, అతని పేరున్న సీసపు నీళ్ల గొట్టమూ బయటపడ్డాయట. స్తూపం తెచ్చినాయనే కదా అని నాన్న గుర్తుపట్టాడు.

రైలు ఏడింటికి. సామాను తీసుకోవడానికి బోర్గో సందుల్లోంచి రూముకు నడుస్తుంటే ఒకచోట రోడ్డు పని జరుగుతోంది. రోమ్ వీధుల్లో పరిచే నల్లటి చదరపు రాళ్లను సాంపియెత్రినీ అంటారు. సెయింట్ పీటర్స్ చర్చి మరమ్మతులు చూసే పనివాళ్లనూ అదే పేరుతో పిలుస్తారు. ఒక పెద్దమనిషి మోకాళ్లకు రబ్బరు తొడుగులు వేసుకుని ఇసుకలో రాళ్లు కూర్చి సుత్తితో దిగ్గొడుతున్నాడు. నాన్న అక్కడే గొంతుక్కూర్చున్నాడు. మాట లేదు. కాసేపటికి ఒక కన్ను మూసి, నేలకు తల వంచి చూసి, ఒక రాయి మీద వేలు పెట్టాడు. ఆయనా వంగి చూశాడు. అరచేయి అడ్డంగా ఆడించి ఏదో అన్నాడు, నవ్వాడు, సుత్తి తిప్పి పిడి నాన్న వైపు పెట్టాడు.

నాన్న రెండు దెబ్బలు వేశాడు. వేలితో తడిమి, మూడోది మెల్లగా వేశాడు.

"ఏవండీ, టైమవుతోంది" అంది అమ్మ, కవర్లో జపమాలలు లెక్కపెట్టుకుంటూ.

"పక్కది కూడా లేచిందే" అన్నాడు నాన్న, తల తిప్పకుండా.